వాల్ట్ విట్మను ఆసుపత్రి సేవ

ఆసుపత్రిలో మంచముమీద రోగి యుండును. ఆ మంచము చుట్టును ఒక కుటుంబముండును. రోగిని చూచుటకు వైద్యులును నర్సులును కలరు. కుటుంబమును చూచువారు అరుదు. మన యూళ్ల ఆసుపత్రుల వసారాలలో చాపలు పఱచుకొని, క్యారియరులో అన్నము తెచ్చుకొని, లోపల నేమి జరుగుచున్నదో తెలియక, తెల్లకోటు కనబడినప్పుడెల్ల లేచి నిలువబడువారిని మీరెల్లరును చూచియే యుందురు. ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో నేనును నా తండ్రిగారి కొఱకు అట్టి యొక వసారాలో మూడు రాత్రులు గడిపితిని. మొదటి రాత్రియంతయు నాకు సంగతి చెప్పినవారు లేరు. తెల్లవాఱుజామున ఎదుటి మంచము రోగి భార్య, అక్షరము రాని యొక పల్లెటూరి యిల్లాలు, తన చెంబులోని కాఫీ నాకు పోసి, ఏ నర్సమ్మ నడిగిన తెలియునో చెప్పినది. ఆమె పేరు నేనడుగలేదు. అందుకు నేటికిని సిగ్గుపడుదును.

ఇట్టి సేవనే మూడేండ్లపాటు, జీతము లేక, ఎవరును ఆజ్ఞాపింపకయే చేసిన యొక గొప్ప కవి చరిత్రమును ఈ సంచికలో మన విద్యార్థులకు తెలుపవలెనని తలచితిని. ఆయన అమెరికా దేశస్థుడగు వాల్ట్ విట్మను. వచన కవిత్వము వ్రాయు మన ఆధునికాంధ్ర కవులలో పలువురు ఆయన పేరెఱిగినవారే. కాని ఆయన ఆసుపత్రి జీవితమును గుఱించి మన పిల్లలకు తెలిసినది తక్కువ.

విట్మను 1819వ సంవత్సరము మే నెల 31వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని లాంగ్ ఐలండను దీవియందు వెస్ట్ హిల్స్ అను పల్లెలో జన్మించెను. తండ్రి వడ్రంగి. పిల్లలు పెక్కుమంది. పదునొకండవ యేటనే బడి మానవలసివచ్చినది. పిమ్మట అచ్చుకూటములో అక్షరములు కూర్చుట నేర్చుకొనెను. పదునేడవ యేట పల్లె బడులలో పంతులై కొన్నాళ్లు పనిచేసెను. ఆ కాలమున ఆ బడిపంతులు శిష్యుల యిండ్లలో వంతులవారీగా నివసించి భోజనము చేయుట ఆచారము. కుటుంబములను లోపలనుండి చూచు నేర్పు ఆయనకు అచ్చటనే అలవడినదేమో! తరువాత పత్రికా రచయితయై, 1855లో లీవ్స్ ఆఫ్ గ్రాస్ అను తన కావ్యమును సొంత ఖర్చుతో ప్రకటించెను. అందులోని భావములన్నియు మనవంటి మిషను పాఠశాలవారికి రుచింపవు. ఆయన యే సంఘమునకును చెందినవాడు కాడు. కాని ఇచ్చట మనకు కావలసినది ఆయన చేతుల పని.

యుద్ధమునకు పూర్వమే ఆయనకు ఆసుపత్రికి పోవు అలవాటు కలదు. న్యూయార్కు నగరములో గుఱ్ఱపు బండ్లు తోలువారు ఆయనకు స్నేహితులు. బండి బోల్తాపడి కాలో చేయో విఱిగి వారు ఆసుపత్రిలో పడియున్నప్పుడు విట్మను పోయి ప్రక్కన కూర్చుండెడివాడు. చేయునది పెద్దగా నేమియు లేదు. కూర్చుండుటయే పని.

1861 ఏప్రిలులో అమెరికా ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ యుద్ధము మొదలయ్యెను. విట్మను తమ్ముడు జార్జి ఉత్తరపు సేనలో చేరెను. తల్లి లూయిసా బ్రూక్లినులో ఉండెడిది. ఆమెకు అక్షరజ్ఞానము కొంచెమే. అయినను కొడుకుల జాబుల కొఱకు ఎదురుచూచుచు, తానును వచ్చిన రీతిని వ్రాయుచుండెడిది. 1862వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన వర్జీనియా రాష్ట్రములోని ఫ్రెడరిక్స్‌బర్గు కడ ఘోరమైన పోరాటము జరిగి, ఉత్తరపు సేనలో పండ్రెండువేలకు పైగా హతులును క్షతగాత్రులును గల్లంతైనవారును అయిరి. 16వ తేదీన వార్తాపత్రికలో వచ్చిన పట్టికలో విట్‌మోర్ అను పేరుగల యొక లెఫ్టినెంటు గాయపడినట్లుండెను. ఇంటిపేరు తప్పుగా అచ్చుపడినదని కుటుంబమువారు గ్రహించిరి. అది జార్జియే. గాయము చిన్నదో పెద్దదో పత్రికలో లేదు.

ఇచ్చట చదువరులు ఒక సంగతి తెలిసికొనవలెను. ఆ యుద్ధములో సైనికుని మెడలో పేరు బిళ్ల కట్టు ఆచారము ప్రభుత్వమునకు లేదు. మరణించినవాని యింటికి తప్పక వార్త పంపు శాఖయు లేదు. పత్రికలోని పట్టిక, లేకున్న తోడి సైనికుడెవడైన దయతలచి వ్రాసిన జాబు, ఇవియే తల్లిదండ్రులకు ఆధారములు. పట్టికలలో తప్పులు మెండు. బ్రదికినవాడు చచ్చినట్లును, చచ్చినవాడు బ్రదికినట్లును అచ్చుపడుచుండెను.

విట్మను ఆ దినముననే బయలుదేరెను. ఫిలడెల్ఫియాలో రైలు మాఱునప్పుడు జేబుదొంగ ఆయన సొమ్మంతయు దోచుకొనెను. చేతిలో కాసు లేక వాషింగ్టను నగరమున దిగి, రెండు దినములపాటు ఒక ఆసుపత్రి తరువాత మఱియొక ఆసుపత్రికి కాలినడకను పోయి, మంచము మంచమునకు ముఖములు చూచుచు తమ్ముని వెదకెను. ఆ నగరములోను చుట్టుప్రక్కలను అప్పుడు నలువది వఱకు ఆసుపత్రులుండెను. ఎచ్చటను జార్జి లేడు. సంగతి చెప్పు అధికారి యెవడును దొఱకలేదు. తుదకు పూర్వ పరిచితుడగు ఒక స్నేహితుడు ఎదురుపడి సొమ్ము సాయము చేసెను. 19వ తేదీన విట్మను ఫ్రెడరిక్స్‌బర్గునకు ఎదుటనున్న ఫాల్మతు శిబిరమును చేరి తమ్ముని చూచెను. గుండు ముక్క తగిలి చెంప చీలినది, ప్రాణభయము లేదు. జార్జి నవ్వుచు తిరుగుచుండెను.

ఆ రెండు దినములను విట్మను మఱవలేదు. ఇంటికి తల్లికి వ్రాసిన జాబులో తన జీవితమున అంత వేదన యెన్నడును పడలేదని తెలిపెను. తరువాతి మూడేండ్ల సేవకు మూలము ఆ రెండు దినములలోనే ఉన్నదని నా యభిప్రాయము. ఆయన ఆసుపత్రిలో అడుగిడినది వైద్యునిగా కాదు, పాదరిగా కాదు, కవిగా గూడ కాదు. తమ్ముని వెదకుకొను అన్నగా.

శిబిరములో ఆస్పత్రిగా మార్చిన యొక భవనము ముంగిట, చెట్టు క్రింద, కోసివేసిన కాళ్లును చేతులును కుప్పగా పడియుండుట ఆయన చూచెను. పది దినములకు లోపుగా అచ్చటనుండి, గాయపడినవారిని వాషింగ్టనుకు కొనిపోవు రైలులోను స్టీమరులోను తానును బయలుదేరెను. ఆ స్టీమరుమీదనే పని ప్రారంభమయ్యెను. తమ తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు, భార్యలకు కబురు చేయుమని పలువురు ఆయనను వేడుకొనిరి. దారిలోనే ఒకడు చనిపోయెను. మఱునాడు వాషింగ్టనులో విట్మను ఆ కబురులన్నియు వ్రాసి టపాలో వేసెను. రెండు మూడు దినములుండి ఇంటికి పోవుదమనుకొన్న మనుష్యుడు ఆ యూరిలోనే యుండిపోయెను.

జీవనమునకు సైన్యపు జీతముల కచేరీలో నకళ్లు వ్రాయు ఉద్యోగము దొఱకెను. దినమునకు రెండు మూడు గంటల పని. ఆ కచేరీ అయిదవ అంతస్తులో ఉండెను. కాళ్లు చేతులు చెడిన సైనికులు రావలసిన జీతము కొఱకు ఆ మెట్లన్నియు ఎక్కివచ్చి, కాగితములు సరిగా లేవని వట్టిచేతులతో దిగిపోవుట ఆయనను మిక్కిలి బాధించెను. ఆ జీతము రానిచో ఇంటికడ పొయ్యి వెలుగదు గదా! కొంతకాలము క్రైస్తవ కమిషను అను స్వచ్ఛంద సంఘముయొక్క ప్రతినిధిగా ఆయన నియమింపబడెను. ఆ సంఘము 1861లో యువజన క్రైస్తవ సమాజమువారు స్థాపించినది. కాని త్వరలోనే తనకు తోచిన రీతిని ఒంటరిగనే తిరుగుచుండెను.

ఆయన పోకడ ఇట్టిది. ఆసుపత్రికి పోవుటకు ముందు విశ్రాంతి తీసికొని, స్నానము చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకొని, కడుపునిండ భుజించెడివాడు. వాడిపోయిన ముఖముతో రోగి కడకు పోరాదని ఆయన మతము. భుజమున సంచి. అందులో నారింజలు, నిమ్మపండ్లు, పండ్లపాకము, మిఠాయి, పొగాకు, కాగితములు, తపాలాబిళ్ల అంటించిన కవర్లు, కొద్దిపాటి చిల్లర డబ్బులు. అందఱికి ఒకటే ఇచ్చువాడు కాడు; ఎవరికేది కావలెనో అడిగి, చిన్న పుస్తకములో మంచము సంఖ్యతో వ్రాసికొని మఱునాడు తెచ్చెడివాడు. 1864 జూనులో ఎండ మెండుగా నుండగా ఒక ఆసుపత్రికి పది గ్యాలనుల ఐస్‌క్రీము కొనిపోయి, పదునైదు పెద్ద వార్డులలో తానే తిరిగి పంచెను. పల్లెటూళ్లనుండి వచ్చిన కుఱ్ఱవాండ్లలో దానిని రుచి చూచి యెఱుగనివారు పలువురు. ఈ ఖర్చులకు సొమ్మెక్కడిదనిన, బోస్టనులోను బ్రూక్లినులోను ఉన్న మిత్రులు పంపుచుండిరి. ఆయన మఱియొక తమ్ముడు జెఫ్ బ్రూక్లిను నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. తోడి ఇంజనీర్ల కడ చిన్న చిన్న చందాలు వసూలు చేసి అన్నకు పంపెడివాడు. పెద్ద దాతలు కారు వారు. తమ జీతములోనుండి ఒక డాలరు, రెండు డాలర్లు.

మొదటి దినములలో చూచిన యొక యువకుని కథను విట్మను పత్రికలో ప్రకటించెను. మాసాచుసెట్స్ రాష్ట్రమువాడు, విరేచనములచేత కృశించి, దారి పొడవున ఎవరి ఆదరమును లేక, ఆసుపత్రిలో బ్రదుకుమీద ఆశ విడిచి గోడవైపు తిరిగి పరుండెను. విట్మను ప్రక్కన కూర్చుండి, అతని తరఫున ఇంటికి జాబు వ్రాసి, కొద్ది డబ్బులిచ్చెను. వార్డులోనికి పాలమ్మవచ్చు స్త్రీ కడ పాలు కొనవలెనని కోరికయున్నను తన కడ కాసు లేదని చెప్పి ఆ యువకుడు ఏడ్చెను. తరువాత అతడు కోలుకొనెను. ఆ పూట వచ్చిన మనుష్యునివలననే తాను బ్రదికితినని అతడు చెప్పుచుండెడివాడట. ఆ యుద్ధములో ఆఱు లక్షలకు పైగా మరణించిరి. అందు మూడింట రెండు వంతులమంది గుండ్లచేత గాక విరేచనములు, టైఫాయిడు మొదలగు వ్యాధులచేతనే చనిపోయిరి. తుపాకికి చావని వారు దిగులుచేత చచ్చుట విట్మను కన్నులార చూచెను.

అన్నిటికంటె పెద్ద పని జాబులు. ఇంటికి నెలల తరబడి వ్రాయనివారు ఎందఱో యుండిరి. కొందఱికి వ్రాయరాదు, కొందఱికి కాగితము లేదు. పెక్కుమంది వ్రాయగలిగియు వ్రాయరు. కాలు తీసివేసిరని తల్లికి ఎట్లు వ్రాయుట? వ్రాసిన ఆమె తాళలేదని ఊరకుందురు. ఇంటికడ తల్లియో, వార్త లేకపోవుటచేత ఇంకను ఎక్కువ కుములుచుండును. ఈ ముడిని విట్మను చక్కగా తెలిసికొనెను. తాను ఆ ముడికి రెండవ కొసను పట్టుకొని రెండు దినములు తిరిగినవాడు గదా! అందుచేత ప్రతి వార్డులోను ఇంటికి వ్రాయుడని ప్రోత్సహించి, వారు చెప్పుచుండగా తానే వ్రాసెడివాడు. పిల్లలారా, మీలో అక్షరములు గుండ్రముగా వ్రాయువారు కొందఱున్నారు. చేతివ్రాత ఇట్టి పనికి గూడ వచ్చునని యెఱుగుడు.

మరణించినవారి యిండ్లకు వ్రాసిన జాబులు వేఱు. 1863 ఆగస్టులో న్యూయార్కు సేనలో పిల్లనగ్రోవి వాయించు పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడొకడు టైఫాయిడుచేత చనిపోయెను. విట్మను వాని తల్లిదండ్రులకు దీర్ఘమైన జాబు వ్రాసెను. బిడ్డ వీరస్వర్గమలంకరించెనని బిరుదులు పెట్టలేదు. తాను చూచినది చెప్పెను. వాడు మాటలాడువాడు కాడనియు, సణిగినవాడు కాడనియు, మంచము ప్రక్కనున్న చిన్న బల్లమీద పిల్లనగ్రోవి యుండెడిదనియు, కోలుకొన్న పిమ్మట తనకొక పాట వాయించి వినిపింతునని చెప్పి, అయినను ఇంకను బాగుగ నేర్వలేదని సంకోచించెననియు వ్రాసెను. రాత్రి దీపపు వెలుతురులో ప్రక్కన కూర్చుంటినని తెలిపెను. కడపటి దినములలో బిడ్డ యెట్లున్నాడో తల్లి యడుగదలచు ప్రశ్నలకన్నిటికి ఆ జాబులో జవాబున్నది. ఇట్టివి వ్రాయుటకు ముందుగ మంచము ప్రక్కన కూర్చుండి చూచి యుండవలెను. కచేరీలో కూర్చుండి వ్రాయరాదు.

ఆ యేడాది జూలైలో మఱియొక యువకుడు, మృత్యువునకు సమీపించి, కొత్త నిబంధన చదివి వినిపింపుమని కోరెను. ఏ భాగము చదువవలెనని విట్మను అడుగగా నీ యిష్టమనెను. ఆయన క్రీస్తు సిలువ వేయబడిన అధ్యాయము చదివెను. తరువాతి అధ్యాయమును, అనగా పునరుత్థాన వృత్తాంతమును గూడ చదువుమని ఆ యువకుడు వేడుకొని, వినుచు కంట తడిపెట్టెను. విట్మనుకు భక్తి కలదా యని వాడడుగగా, నీవు తలచురీతిగా కాకపోవచ్చునని ఆయన నిజము చెప్పెను. వెలుపలికి రాకముందు వాని తల్లి చిరునామా వ్రాసికొనెను. మరణశయ్యకడ ఇట్లు కపటము లేక నిలుచుట మన సువార్తికులకు గూడ సులభము కాదు.

దూరమున నున్న కుటుంబములే కాక, చేరి వచ్చిన కుటుంబములును ఆ వార్డులలో కనబడుచుండెను. ఒక మంచము కడ టైఫాయిడుతో తపించు భర్త ప్రక్కన భార్య. మఱియొక మంచము కడ తల్లి. ఆమెకు ఏడుగురు బిడ్డలు, రోగి కడగొట్టువాడు. ఆమె యింటిలో తిరుగుచున్నట్లే సాదా దుస్తులతో, తలకు గుడ్డ కట్టుకొని కూర్చుండెను. విట్మను ఆమెతో మాటలాడి, ఆమె చెప్పిన సంగతులు వ్రాసికొనెను. అట్టి తల్లులను చూచి ఆయన మనసు నిండెను. వార్డులో సేవ చేయుటకు చదివిన పడుచు స్త్రీల కంటె బిడ్డలను కని పెంచిన తల్లులే తగినవారని అభిప్రాయపడెను. నేటి నర్సులు ఇది యొప్పుకొనరు. ఒప్పుకొన నక్కఱయు లేదు.

ఆయన తీర్పులన్నియు న్యాయమైనవి కావు. జీతము పుచ్చుకొని వచ్చు సానిటరీ కమిషను ప్రతినిధులను ఆయన తృణీకరించెను. వారిని చూచిన రోగులు ముఖము త్రిప్పుకొందురనెను. కాని ఆ కమిషనువారే ఆసుపత్రుల రోగుల పేర్లన్నియు చేర్చి ఒక పెద్ద పట్టికను నిర్వహించిరి. నా కొడుకెచ్చటనున్నాడని తల్లి జాబు వ్రాసిన, ఏ యూరి ఏ ఆసుపత్రియో వారు వెదకి చెప్పుచుండిరి. ఆ పట్టిక 1862 డిసెంబరులో అందఱి చేతికందియుండిన విట్మను రెండు దినములు తిరుగవలసి యుండెడిది కాదు. ఒంటరి మనుష్యుని ప్రేమయు కావలెను, రిజిస్టరును కావలెను. విట్మనును సహింపని నర్సులును ఆ వార్డులలో కొందఱుండిరనుట గూడ చెప్పుట మంచిది.

ఇంకొక సంగతి చెప్పక దాచుట నిజాయితీ కాదు. ఇతరుల తల్లులకు జాబులు వ్రాయుచున్న ఆ దినములలోనే ఆయన తల్లి బ్రూక్లినులో భారము మోయుచుండెను. కొడుకులలో ఆండ్రూ గొంతు వ్యాధితో క్షీణించి 1863 డిసెంబరు మొదటివారములో చనిపోయెను. విట్మను వచ్చి చూచి వాషింగ్టనుకు తిరిగి పోయిన కొలది దినములలోనే అది జరిగెను. పెద్దకొడుకు జెస్సికి మతి చలింపగా 1864 డిసెంబరులో విట్మనే అతనిని పిచ్చి యాసుపత్రిలో చేర్పవలసివచ్చెను. కడగొట్టువాడు ఎడ్వర్డు పుట్టుకతోనే బుద్ధిమాంద్యము గలవాడు. ఆ 1864 సెప్టెంబరులో జార్జి శత్రువులకు చెఱ చిక్కి, 1865 ఫిబ్రవరిలో విడుదలయగువఱకు ఇంట భయమే. ఇన్నిటి నడుమ వాషింగ్టనులో నుండుట సరియా, తల్లికడ నుండుట సరియా యని అడుగువారుందురు. నేను తీర్పు చెప్పజాలను. ఆయన మాత్రము తల్లికి ఎడతెగక జాబులు వ్రాసెను, జీతములో కొంత పంపెను. ఆసుపత్రుల గాలిచేతనో, జాగరణముచేతనో 1864 వేసవిలో ఆయన ఆరోగ్యము గూడ చెడి, తల తిరుగుచు గొంతు నొచ్చుచుండగా ఇంటికి పోయి ఆఱు నెలలుండెను. 1865 జనవరిలో మరల వచ్చెను.

యుద్ధము ముగిసిన పిమ్మట ఆయన తన లెక్క చెప్పెను: ఆఱువందలకు పైగా దర్శనములు, ఎనుబది వేలనుండి లక్షవఱకు రోగులు. శత్రుపక్షమగు దక్షిణపు సైనికులను గూడ ఆయన విడువలేదు. 1865లో వెలువడిన డ్రం ట్యాప్స్ అను సంపుటములో ఒక కావ్యఖండిక యున్నది. ఓహాయో రాష్ట్రములో పంటలు పండిన వేళ, పల్లెలోని యొక రైతు కుటుంబమునకు జాబు వచ్చును. క్రింద కుమారుని పేరున్నది గాని చేతివ్రాత వానిది కాదు. తల్లి అది చూచినంతనే కూలబడును. గాయపడినాడు, త్వరలో నయమగునని జాబులో నుండును. అప్పటికే బిడ్డ చనిపోయినాడు. ఆ పరుల చేతివ్రాత ఎవరిదో మనకు తెలియును. అది చూచిన తల్లికి ఏమగునో వ్రాసినవానికి తెలిసియుండెననుటకు ఈ ఖండికయే సాక్ష్యము.

1873వ సంవత్సరము జనవరిలో విట్మనుకు పక్షవాతము వచ్చి ఎడమ ప్రక్క పడిపోయెను. ఆ మే నెలలోనే తల్లి మరణించెను. ఆయన న్యూజెర్సీ రాష్ట్రములోని క్యామ్డను పట్టణమునకు పోయి తమ్ముని యింట చేరెను. ఆ తమ్ముడు జార్జియే; పదునొకండేండ్ల క్రిందట కాసు లేక వాషింగ్టను వీథులలో వెదకబడినవాడు. జార్జియు అతని భార్యయు దాదాపు పదునొకండేండ్లు ఆయనను తమ యింట నుంచుకొనిరి. 1884లో విట్మను అదే పట్టణమున చిన్న యిల్లు కొనుక్కొని, ఒక వితంతువు ఇల్లు చక్కబెట్టుచుండగా, కడపట మగ నర్సు సహాయముతో కాలము గడపి, 1892 మార్చి 26వ తేదీన కన్నుమూసెను. వీలునామాలో తన బుద్ధిమాంద్యపు తమ్ముడు ఎడ్వర్డు పోషణకు ఏర్పాటు చేసెను.

ఆసుపత్రులలో ఆయన వాడిన చిన్న పుస్తకములు కొన్ని వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమున నున్నవి. 1942లో యుద్ధభయముచేత గ్రంథాలయపు సొత్తును వేఱొక చోటికి తరలించినప్పుడు ఆయన నోటుపుస్తకములు పది మాయమై, 1995లో నాలుగు మాత్రము తిరిగి దొఱకినవి. ఆయన చేతి పుస్తకములలో రోగుల పేరులు, వార్డులు, మంచముల సంఖ్యలు, ఊళ్లు, తల్లిదండ్రుల చిరునామాలు కనబడును. ఒకనికి నారింజ. ఒకనికి పండ్లపాకము. ఒకని తండ్రికి జాబు వ్రాయవలెను.